డ్యూటీలున్న ఇంటికి వాక్కాయ పొద

జంషెడ్‌పూర్ క్వార్టర్లలో మొక్కలు ఎండకు చచ్చిపోతున్నాయని అందరూ అంటారు. నిజానికి వాటిని చంపుతున్నది డ్యూటీ చార్టు. ఒక వారం ఏ షిఫ్టు, పొద్దున్న ఆరు నుంచి రెండు. మరో వారం బి షిఫ్టు, రెండు నుంచి రాత్రి పది. ఇంకో వారం సి షిఫ్టు, పది నుంచి తెల్లవారి ఆరు. రాత్రంతా కొలిమి దగ్గర నిలబడి వచ్చిన మనిషికి కుండీలకు నీళ్లు పోసే ఓపిక ఎక్కడుంటుంది? షట్‌డౌన్ వస్తే ఓవర్‌టైమ్. సంక్రాంతికి ఒకసారి, పిల్లల వేసవి సెలవులకు మరోసారి శ్రీకాకుళం, విజయనగరం, బరంపురం వైపు ప్రయాణం. చలికాలంలో గోపాల్ మైదానంలో పూల ప్రదర్శన చూసి ముచ్చటపడి తెచ్చుకున్న డేలియాలూ చేమంతులూ ఎండలు ముదిరేసరికి కనిపించవు. మే నెలలో ఊరి నుంచి తిరిగొచ్చి తాళం తీస్తే వరండాలో మట్టి కుండీలు మాత్రం ఉంటాయి.

ఈ ఊళ్లో ఎనిమిది గంటల పనిదినం 1912 నుంచీ ఉంది. దేశంలో చాలా చోట్ల కార్మికుడికి ఆ మాట తెలియని రోజులవి. అంతకు ముందే, 1902లో, జంషెడ్‌జీ టాటా తన కొడుకు దోరాబ్జీకి రాసిన ఉత్తరంలో కట్టబోయే ఊరికి వెడల్పాటి వీధులు, నీడనిచ్చే చెట్లు, తోటలకు చాలినంత జాగా ఉండాలని చెప్పాడు. అందుకే కద్మా, సోనారి, టెల్కో, గోల్మురి వైపు పాత క్వార్టర్లలో ఇంటి ముందు ఇంకా కాస్త నేల మిగిలి ఉంది. నేల ఉంది, కానీ నిద్ర, ప్రయాణం, బజారు పోగా ఆ నేలకు మీరివ్వగలిగే గంటలు ఎన్ని? నన్నడిగితే మొక్కను నర్సరీలో పువ్వు చూసి కొనకూడదు. ఇంట్లో డ్యూటీ చార్టు ముందు పెట్టుకుని కొనాలి.

అలా చూసినప్పుడు నాకు మొదట తోచే పొద వాక్కాయ. ఇక్కడ హిందీవాళ్లు కరౌందా అంటారు, బెంగాలీ ఇరుగుపొరుగు కరమ్‌చా అంటారు. నర్సరీ చీటీ మీద కారిస్సా కరండస్ అని ఉంటుంది. ఇది మన దేశపు మొక్కే. ఏడాది పొడవునా ఆకు నిలుపుకుంటుంది, నలభై డిగ్రీలు దాటిన ఎండలోనూ ఆ ఆకు మెరుస్తూనే ఉంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొమ్మ చివర గుత్తులుగా తెల్లని పూలు పూస్తాయి. పువ్వు చిన్నది, అయిదు సన్నని రేకులు, కింద గొట్టానికి లేత గులాబీ చాయ. దగ్గరకు వెళితే మల్లెను తలపించే వాసన. ఆ పూల మీద తేనెటీగలు, తర్వాత పండిన కాయల మీద బుల్‌బుల్ పిట్టలు వాలుతాయి. కాయ మొదట ఆకుపచ్చగా, తర్వాత తెలుపు మీద గులాబీ రంగు చల్లినట్టు, చివరికి ముదురు ఊదా నుంచి నల్లగా మారుతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా కోత. మన ఇళ్లలో వాక్కాయ పప్పు, పచ్చడి, పులిహోర ఎరగనివాళ్లు తక్కువ.

మండుటెండని, నీళ్లు లేని కాలాన్ని తట్టుకునే పూల పొదలు ఇంకా ఉన్నాయి కదా అని అడగవచ్చు. ఉన్నాయి. గన్నేరు ఉంది, వాక్కాయ కుటుంబానిదే. కానీ గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. పిల్లలు ఆడుకునే, పశువులు తిరిగే వీధిలో గేటు పక్కన దాన్ని పెట్టమని నేను చెప్పను. కాగితం పూల తీగ అందంగా ఉంటుంది, అది బ్రెజిల్ వైపు నుంచి వచ్చింది. నీడ తక్కువ, కాయ లేదు. ఇక నర్సరీల్లో ‘కరౌందా’ పేరుతోనే మరో మొక్క అమ్ముతుంటారు. ఆకు మందంగా, పువ్వు పెద్ద నక్షత్రంలా ఉంటే అది దక్షిణాఫ్రికా కారిస్సా. అలంకారానికి బాగుంటుంది కానీ మన పప్పులోకి కావలసిన పులుపు దానిది కాదు. గుత్తుల్లో చిన్న పూలున్నదాన్నే అడిగి తీసుకోండి.

ఇప్పుడు అసలు పని.

నాటే కాలం ఇక్కడ జూన్ మూడో వారం నుంచి జులై నెలాఖరు. తొలకరి పడి నేల ఒక జానెడు లోతు దాకా తడిసిన తర్వాతే నాటండి. గుంటలు మాత్రం మే నెలలోనే తీసి ఎండనివ్వాలి. ఒకటిన్నర అడుగు పొడవు, వెడల్పు, లోతు చాలు. తీసిన ఎర్రమట్టిలో పైమట్టిని విడిగా పెట్టుకోండి. దానికి బాగా మాగిన పశువుల ఎరువు ఒక తట్ట, వేపపిండి రెండు గుప్పిళ్లు కలిపి తిరిగి నింపండి. ఈ ఎర్రనేలల్లో చెదలు ఎక్కువ, లేత వేరును కొరికేది అవే. వేపపిండి వాటి కోసమే. పచ్చి పేడ వేస్తే చెదలను పిలిచినట్టే. కొత్తగా కట్టిన ఇల్లయితే గుంటలో సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు వస్తాయి, అవన్నీ ఏరేయాలి. స్థలాన్ని మెరక చేయడానికి స్లాగ్ పోసి ఉంటే రెండడుగుల లోతు తవ్వి, స్లాగ్ తీసేసి, బయటి మట్టితో నింపక తప్పదు. స్లాగ్‌లో సున్నం పాలు ఎక్కువ, దానివల్ల ఆకు పసుపు తిరుగుతుంది. ఎంత మొండి మొక్కకైనా మొదటి ఏడాది అది మంచిది కాదు.

కంచెలా కావాలంటే మొక్కకూ మొక్కకూ రెండున్నర అడుగులు. ఇరవై అడుగుల ముందు గోడకు ఎనిమిది మొక్కలు సరిపోతాయి. ఒక్కటే పొదగా పెంచి కాయ తినాలంటే చుట్టూ ఏడెనిమిది అడుగులు వదలండి. గేటుకు, నడిచే దారికి కనీసం నాలుగడుగుల దూరం ఉంచాలి. ముల్లు చిన్నది కాదు, అంగుళం పైనే ఉంటుంది, గట్టిది, కొన్ని చీలిన కొనతో ఉంటాయి. స్కూలు సంచీ వేసుకుని పరుగెత్తే పిల్ల కంటి ఎత్తులో అది ఉండకూడదు. నీటి పైపు, మురుగు కాలువ ఎటు వెళ్తున్నాయో చూసుకుని వాటి మీద నాటకండి. రేపు పైపు పగిలితే తవ్వడానికి వచ్చినవాళ్లు ముళ్లపొదను వేళ్లతో సహా తీసి పారేస్తారు.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. కరవును తట్టుకునే మొక్క కదా, దీనికి గండం మే నెల అనుకుంటారు. మన ఊళ్లో దీనికి గండం ఆగస్టు. ఏడాదికి పన్నెండు వందల మిల్లీమీటర్లకు పైగా పడే వానలో ఎక్కువ భాగం జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా పడిపోతుంది. సువర్ణరేఖ, ఖర్కాయి నిండుగా పారే రోజుల్లో క్వార్టరు ముందు పల్లపు నేలలో నీళ్లు రెండు మూడు రోజులు నిలుస్తాయి. వాక్కాయ వేరు ఎండిన నేలలో ఊపిరి బిగపట్టి ఉండగలదు, నిలవ నీటిలో కుళ్లిపోతుంది. ఆకులు పసుపై రాలుతుంటే నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోసేవాళ్లున్నారు. కాబట్టి గుంట నింపేటప్పుడు చుట్టూ నేల కంటే ఆరంగుళాల ఎత్తు దిబ్బలా చేసి, ఆ దిబ్బ మీద నాటండి. వానాకాలంలో పాదు గట్టును ఒక వైపు తెంచి నీరు బయటికి పోయే దారి ఇవ్వండి. అక్టోబరులో మళ్లీ గట్టు కట్టండి. గట్టు తెంచడం, తిరిగి కట్టడం, ఈ రెండు పనులూ అరగంటవి. మొక్క బతుకు వాటిలోనే ఉంది.

నీళ్ల సంగతి. మొదటి ఏడాది నేను చెప్పే నియమం ఒక్కటే: మీ వీక్లీ ఆఫ్ ఏ రోజో ఆ రోజే నీళ్ల రోజు. ఆఫ్ మారితే నీళ్ల రోజూ మారుతుంది, ఏం ఫరవాలేదు. అక్టోబరు నుంచి జనవరి దాకా రెండు ఆఫ్‌లకు ఒకసారి, ఫిబ్రవరి నుంచి వాన పడే దాకా ప్రతి ఆఫ్‌కూ. ఒక్కో మొక్కకు ఒక బకెట్, అంటే పది పన్నెండు లీటర్లు, తొందరపడకుండా పాదులో ఇంకేలా పోయాలి. రోజూ చెంబెడు చల్లడం కంటే ఇది ఎంతో మేలు. చెంబెడు నీళ్లకు వేరు పైపైనే తిరుగుతుంది, పైపొర ఎండగానే మొక్క వాలిపోతుంది. బకెట్ నీళ్లు లోపలికి దిగితే వాటి వెంట వేరూ దిగుతుంది. ఎనిమిది మొక్కల కంచెకు వారానికి ఎనభై తొంభై లీటర్లు. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు రోజూ ఒక డ్రమ్ములోకి పట్టినా ఇందులో పెద్ద వాటా వస్తుంది. సబ్బు నీళ్లు మాత్రం లేత మొక్కకు వద్దు.

పోసే వేళ షిఫ్టును బట్టి పెట్టుకోవచ్చు. ఏ షిఫ్టు వారంలో సాయంత్రం అయిదు తర్వాత. బి షిఫ్టు వారంలో పొద్దున్న ఏడు లోపు. సి షిఫ్టు వారంలో నిద్ర లేచాక, సాయంత్రం. సి షిఫ్టు దిగి వచ్చిన పొద్దున్న తోటలో ఏ పనీ పెట్టుకోకండి, ముఖ్యంగా కత్తెర పట్టకండి. నిద్రకళ్లతో ముళ్లపొదలో చెయ్యి పెట్టడమంటే, నిద్రకళ్లతో మిషన్ గార్డు తీయడం ఎంత ప్రమాదమో అంతే.

పాదులో ఎండాకు, వరిగడ్డి, కొబ్బరిపీచు ఏది దొరికితే అది మూడంగుళాల మందాన పరవండి. కాండానికి నాలుగంగుళాలు వదిలి పరవాలి, ఆనించితే చెదలు ఎక్కుతాయి. మొదటి వేసవిలో ఊరు వెళ్లవలసి వస్తే ముందు రోజు రాత్రి రెండు బకెట్లు నింపుగా పోసి, ఎండాకు పొర మందం చేసి, పక్కన ఒక మట్టి కుండ మెడ దాకా పాతి నీళ్లతో నింపి మూత పెట్టండి. రంగు వేయని, నూనె పూయని కుండ అయితే నీరు దాని గోడల్లోంచి మెల్లగా ఊరుతూ వేరుకు అందుతుంది. ప్రయాణం రెండు వారాలు దాటితే పక్కింటివాళ్లను మధ్యలో ఒకసారి కుండ నింపమని అడగండి. రోజూ నీళ్లు పోయమని అడిగితే ఎవరికైనా ఇబ్బందే, ఒకసారి కుండ నింపడానికి ఎవరూ కాదనరు. రెండో ఏడాది ఎండాకాలంలో నెలకు రెండుసార్లు, మూడో ఏడాది నుంచి పూత నిలిచి పిందె కట్టే మార్చి, ఏప్రిల్‌లో రెండు మూడు తడులు ఇస్తే కాయ బాగుంటుంది. ఇవ్వకపోయినా పొద చావదు.

ఎరువు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఏడాదికి ఒకసారి, జూన్‌లో, పొదకు ఒక తట్ట మాగిన ఎరువు. యూరియా వేస్తే ఆకు విరగబడుతుంది, పూత తగ్గుతుంది.

కత్తిరింపు దగ్గర మాత్రం నిలబడి మాట్లాడాలి. ఎక్కువ ఇళ్లలో వాక్కాయ ఉండి కూడా కాయ లేకపోవడానికి కారణం కత్తెరే. ఈ మొక్క పూసేది కొమ్మ చివర. కంచె గోడలా సమంగా ఉండాలని నెలనెలా చివళ్లు తెగ్గొడితే పువ్వు రావలసిన చోటే పోతుంది. క్రోటన్ కంచెకు అలవాటైన మాలీ చేతికి వదిలేస్తే జరిగేది ఇదే. కంచె కావాలా, కాయ కావాలా అని ముందే తేల్చుకోండి. నా మాట అడిగితే రెండూ దొరికే పద్ధతి ఉంది: వీధి వైపు ముఖాన్ని కత్తిరించండి, ఇంటి వైపు ముఖాన్ని వదిలేయండి. కోత అయ్యాక, సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు లోపల ఏడాదికి ఒక్కసారే పెద్ద కత్తిరింపు. ఎండు కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు, నేల మీద పాకే కొమ్మలు తీసేయాలి. నేల నుంచి ఒక అడుగు ఖాళీగా ఉంచితే కింద ఊడ్చుకోవచ్చు. వానాకాలంలో పాము నక్కినా కనిపిస్తుంది. డిసెంబరు దాటాక కత్తెర ముట్టకండి, ఆ తర్వాత తెగిన ప్రతి చివరా ఆ ఏటి పువ్వే.

చిన్న మొక్కకు మాత్రం ఈ నియమం వేరు. నాటిన మూడు నెలలకు అడుగున్నర ఎత్తు వచ్చాక నడి చివర తుంచేస్తే పక్క కొమ్మలు వస్తాయి. అవి జానెడు పెరిగాక వాటి చివరలూ తుంచండి. మొదటి రెండేళ్లు ఇలా చేస్తే అడుగు నుంచి గుబురుగా లేస్తుంది. చేయకపోతే నాలుగు పొడుగాటి కొమ్మలు నాలుగు దిక్కులకూ వాలి, మధ్యలోంచి మేక దూరేంత సందు మిగులుతుంది.

కత్తిరింపుకు మామూలు గుడ్డ గ్లవ్స్ పనికిరావు. సాక్చీ బజారులో వెల్డర్లు వాడే మోచేతి దాకా ఉండే తోలు గ్లవ్స్ కొనుక్కోండి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. షాపులో పని చేసేటప్పుడు పాటించే జాగ్రత్తే ఇంటి దగ్గరా పాటించాలి. కొమ్మ తెగిన చోట తెల్లని పాలు కారుతాయి, చర్మానికి, కత్తెరకు జిగురులా అంటుకుంటాయి. ముందే చేతికి, కత్తెరకు ఆవనూనె రాసుకుంటే సులువుగా వదులుతుంది. కంట్లో పడితే వెంటనే నీళ్లతో కడిగి డాక్టరుకు చూపించాలి. తెగిన ముళ్లకొమ్మల్ని వీధి పక్కన పడేయకండి. అటు సైకిళ్ల మీద డ్యూటీకి వెళ్లేవాళ్లుంటారు, చెప్పుల్లేని పిల్లలుంటారు. పొద వెనకే ఒక మూల పోగు వేస్తే ఏడాదికి అణిగిపోతుంది. కొత్త మొక్కల చుట్టూ మేకలు రాకుండా పరవడానికీ అవే పనికొస్తాయి.

చీడపీడలు తక్కువ. లేత చివళ్లకు పేనుబంక, కాండం మీద పిండినల్లి కనిపిస్తే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీరు కలిపి సాయంత్రం కొట్టండి. వారం తర్వాత మరోసారి. లారీలు తిరిగే రోడ్డు పక్క ఇల్లయితే ఆకు మీద దుమ్ము పేరుకుంటుంది, వేసవిలో నెలకోసారి పైపుతో కడగండి. పూత మీద ఉన్నప్పుడు నీటి జోరు తగ్గించాలి.

క్వార్టరులో ఉండేవాళ్లు మరో లెక్క వేసుకోవాలి. గింజ నుంచి పెరిగిన మొక్క కాయడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. మీ సర్వీసు ఇంకా ఎనిమిదేళ్లుంటే నిశ్చింతగా నేలలో పెట్టండి. మీ తర్వాత వచ్చేవాళ్లకూ అది మిగులుతుంది. రెండు మూడేళ్లలో రిటైరై క్వార్టరు అప్పగించేవాళ్లు నేలలో పెట్టి తర్వాత బాధపడడం ఎందుకు, కుండీలో పెంచండి. పెద్ద పొదలను తవ్వి ఆదిత్యపూర్‌లోనో మాంగోలోనో కట్టుకున్న ఇంటికి తీసుకెళ్లాలనుకుంటే వేరు తెగి సగం చచ్చిపోతాయి. పద్దెనిమిది అంగుళాల కుండీ చాలు, అడుగున వెడల్పు రంధ్రాలు నాలుగుండాలి. సగానికి కోసిన డ్రమ్ము వాడేట్టయితే అది లోగడ దేనికి వాడారో కనుక్కోండి. ఆయిల్, యాసిడ్, పెయింటు ఉన్న డ్రమ్ములో పెరిగిన కాయ ఇంట్లో తినకూడదు. కుండీ మొక్కకు వారానికి ఒకసారి చాలదు, వేసవిలో మూడు రోజులకోసారి పోయాలి. ఊరు వెళ్లేటప్పుడు నీడకు జరపాలి. జుగ్సలాయి, బాగ్‌బేరా, మాంగో వైపు అద్దె గదుల్లో ఉండి కాంట్రాక్టు పని చేసుకునేవాళ్లకూ ఈ కుండీ పద్ధతే. మేడ మీద ఆరు గంటల ఎండ తగిలే చోటుంటే ఒక్క కుండీ అయినా కాస్తుంది. ఈ మొక్కకు ఎండే తిండి, నీడలో పెడితే ఆకే తప్ప పువ్వు రాదు.

మొక్క ఎక్కడ దొరుకుతుంది? కరౌందా పేరు చెబితే ఊళ్లో నర్సరీలవాళ్లకు తెలుస్తుంది. ఘాట్‌శిల దగ్గర దారిసాయిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, రాంచీలో కాంకే దగ్గర బిర్సా వ్యవసాయ విశ్వవిద్యాలయం, ప్లాండులో ఐసీఏఆర్ కేంద్రం ఉన్నాయి. పండ్ల మొక్కల గురించి అక్కడ అడగవచ్చు. పంత్‌నగర్ విశ్వవిద్యాలయం తీసిన పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ, దాపోలీ నుంచి వచ్చిన కొంకణ్ బోల్డ్ కాయ కోసం పేరున్న రకాలు. రకం కావాలంటే అంటు కట్టిన మొక్క అడగండి, అది త్వరగా కాపుకు వస్తుంది. కంచెకు మాత్రం గింజ మొక్కలే గట్టివి, చవక కూడా.

గింజ మొక్కలు పెంచడం రిటైరైనవాళ్లకు, ఇంట్లో ఉండే ఆడవాళ్లకు, మాలీ పని చేసేవాళ్లకు చిన్న ఆదాయం ఇచ్చే పని. దీంతో జీతానికి సమానమైన డబ్బు వస్తుందని నేను చెప్పను. కానీ పెట్టుబడి దాదాపు లేదు. ఒక్కో పండులో నాలుగైదు చదునైన గోధుమరంగు గింజలుంటాయి. కిలో పండ్ల నుంచి వచ్చే గింజలతో ఒక వీధికి సరిపడా మొక్కలు లేస్తాయి. నల్లగా పండిన కాయ పిసికి, గింజ కడిగి, నీడలో ఒకటి రెండు రోజులు ఆరబెట్టి, వెంటనే వేయాలి. ఇసుక, ఎరువు, మట్టి సమపాళ్లలో కలిపిన నల్ల పాలిథిన్ సంచిలో అర అంగుళం లోతున రెండేసి గింజలు. మూడు నాలుగు వారాల్లోపు మొలుస్తాయి. తర్వాత నత్తనడకే, ఏడాదికి ఒక జానెడు రెండు జానలు. వచ్చే వానాకాలానికి అమ్మకానికి వస్తాయి. మాలీ పని చేసే తమ్ముళ్లకు నాదొక సలహా: అపార్ట్‌మెంటు సొసైటీల దగ్గరికి నెలవారీ కత్తిరింపు పని కోసం మాత్రమే వెళ్లకండి. కంచె నాటి మూడేళ్లు చూసుకుంటానని, ఏటా ఒక పెద్ద కత్తిరింపు, ఒకసారి ఎరువు, చచ్చినవాటి స్థానంలో కొత్తవి పెట్టడం కలిపి ఒక మాట రాతపూర్వకంగా మాట్లాడుకోండి. సొసైటీకి నీటి ఖర్చు తగ్గుతుంది, మీకు మూడేళ్లు పని ఉంటుంది.

పెరిగిన పొద నుంచి నాలుగైదు కిలోలు ఆశించవచ్చు. ఎనిమిది మొక్కల కంచె అంటే ఒక ఇల్లు తినలేనంత కాయ. పచ్చికాయలో పెక్టిన్ ఎక్కువ కాబట్టి జెల్లీ బాగా గడ్డకడుతుంది. బేకరీలో బన్ను మీద ఎర్రగా మెరిసే ‘చెర్రీ’ చాలాసార్లు పంచదార పాకంలో ఊరి, రంగు వేసుకున్న ఈ కాయే. ఊరగాయ, జెల్లీ చేసి అమ్మాలనుకుంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. ఉద్యోగంలో ఉన్నవాళ్లు బయటి వ్యాపారం మీద తమ కంపెనీ నియమాలు ఏమంటున్నాయో ముందు చదువుకోవాలి. అమ్మకం లేకపోయినా పంచిపెట్టడానికి బిష్టుపూర్ రామ మందిరం దగ్గర కలిసే మనవాళ్లు చాలు.

వంట సంగతి చెప్పకుండా వాక్కాయ గురించి రాయడం కుదరదు. పచ్చికాయ తొడిమ తీయగానే పాలు వస్తాయి. ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి కడిగితే ఆ జిగురు పోతుంది. నిలువుగా చీల్చి, కత్తి మొనతో గింజ ఎత్తేయాలి. గింజతో వండితే వగరు. కందిపప్పు విడిగా ఉడికించాకే కాయలు వేయండి, ముందే కలిపితే పులుపుకు పప్పు ఉడకదు. గ్లాసు పప్పుకు గుప్పెడు కాయలు మించకూడదు, ఇది పదునైన పులుపు. తాలింపులో వెల్లుల్లి, ఎండుమిర్చి, ఇంగువ. ఇక్కడివాళ్లు చీల్చిన కరౌందాలను పచ్చిమిర్చితో కలిపి, ఆవనూనెలో సోంపు, కలోంజీ వేసి వేయిస్తారు. బి షిఫ్టు టిఫిన్‌లో రొట్టెల పక్కకు దానికి మించింది లేదు, పాడవకుండా రాత్రి దాకా ఉంటుంది కూడా. గింజ తీసిన కాయలను డబ్బాలో పెట్టి ఫ్రీజరులో ఉంచితే చలికాలం దాకా పప్పులోకి వస్తాయి.

ఈ ఏడు నాటే కాలం దాటిపోయిందని అనిపిస్తే గింజ దగ్గర మొదలుపెట్టండి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బజారుకు కరౌందా వస్తుంది. ఊరగాయ కోసం అమ్మేవి పచ్చివి, అవి మొలవవు. కూరగాయల మనిషితో ముందే చెప్పి, నల్లగా పండినవి పావుకిలో తెప్పించుకోండి. గుజ్జు తినేసి గింజలు ఆ వారం లోపలే మట్టిలో వేయండి. దాచిపెట్టి తర్వాత చూద్దామనుకుంటే కొద్ది వారాలకే మొలకెత్తే శక్తి పోతుంది.